ఆన్‌లైన్ మైండ్‌ఫుల్‌నెస్ కోర్సు: కళ్ళు మూసుకుంటే గ్లాసే కనిపిస్తోంది, చేసినవాళ్ళు చెప్పండి

నలభైఏడోరోజు (సోమవారం, రాత్రి 10:42)

అందరికీ నమస్కారం. చాలా నెలలుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. మందు ముట్టక ఇవాళ్టికి 47 రోజులు. మొదటి వారం ఆసుపత్రిలో గడిచింది. ఇప్పుడు డాక్టర్ రాసిన నాల్ట్రెక్సోన్ (తాగాలనే యావ తగ్గించే టాబ్లెట్) వేసుకుంటున్నాను. (మన భాషలో రెండింటికీ 'మందు' అనే పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఇంట్లో "మందు వేసుకున్నావా?" అని అడిగినప్పుడల్లా ఉలిక్కిపడుతున్నాను.)

పగలు పర్వాలేదు. సాయంత్రం పని అయ్యాక ల్యాప్‌టాప్ మూస్తాను చూడండి, ఆ 'టప్' మనే చప్పుడుకే నోట్లో నీళ్ళూరతాయి. పదేళ్ళుగా అదే వరస. ల్యాప్‌టాప్ మూయడం, ఫ్రిజ్ తెరవడం.

మా కౌన్సెలర్ 8 వారాల ఆన్‌లైన్ మైండ్‌ఫుల్‌నెస్ (ఒంట్లో, మనసులో ఇప్పుడేం జరుగుతోందో గమనించే ధ్యానం) కోర్సులో చేరమన్నారు. వారానికి ఒకరోజు 2 గంటలు వీడియోలో అందరూ కలుస్తారు, మిగతా రోజులు రికార్డింగులు పెట్టుకుని ఎవరికి వారు చేసుకోవాలి. నిన్న మొదటి సెషన్. కళ్ళు మూసుకుని ఊపిరి గమనించమన్నారు. మూడు నిమిషాలు కాలేదు, ఎదురుగా గ్లాసు. ఐసుముక్కలు గ్లాసు అంచుకు తగిలిన చప్పుడు కూడా వినిపించింది. భయమేసి కెమెరా ఆపేసి బయటికొచ్చేశాను.

ఇది నా ఒక్కడికేనా? తాగుడు మర్చిపోవడానికి చేరితే ఇంకా గుర్తుచేస్తోందేంటి? ఆన్‌లైన్‌లో ఇలాంటివి నిజంగా పనిచేస్తాయా?

నిదానం (సోమవారం, రాత్రి 11:15)

తమ్ముడూ (వయసు తెలియకుండానే అనేశాను, ఏమీ అనుకోకు), నీ ఒక్కడికే కాదు. నేను నాలుగేళ్ళ కిందట ఇలాంటి కోర్సే చేశాను, పూర్తిగా ఇంట్లో కూర్చునే. మా గుంపులో పదిమంది ఉంటే, మొదటి వారం ఏడుగురు నీ మాటే చెప్పారు. ఒకావిడకైతే వాసన కూడా వచ్చిందట.

నువ్వు "మర్చిపోవడానికి చేరాను" అన్నావు. నేనూ అదే అనుకుని చేరాను, అక్కడే బోల్తాపడ్డాను. వాళ్ళు నేర్పేది మర్చిపోవడం కాదు. యావ పుట్టినప్పుడు దాన్ని తోసెయ్యకుండా, దానికి లొంగకుండా, అది ఒంట్లో ఎక్కడ ఎలా ఉందో చూడమంటారు. వినడానికి పనికిమాలిన సలహాలా ఉంటుంది. రెండో వారంలో ఒక రాత్రి చేసి చూశాను. నాకు యావ తలలో ఉంటుందనుకునేవాణ్ణి. చూస్తే దవడ బిగుసుకుని ఉంది, నాలుక కింద తడి. అన్నిటికంటే వింత, నా కుడిచెయ్యి. ఒళ్ళో పెట్టుకున్న చెయ్యి దానంతటదే వంకర తిరిగి, గ్లాసు పట్టుకున్న ఆకారంలో ఉంది. గ్లాసు లేదు, చెయ్యి మాత్రం పట్టుకునే ఉంది. ఇరవయ్యేళ్ళ అలవాటు వేళ్ళలో కూర్చుంది.

ఆ చేతినే చూస్తూ కూర్చున్నాను. గడియారం ఎదురుగా ఉంది కాబట్టి చెబుతున్నాను, 18 నిమిషాలు. పెరిగింది, ఇంక నావల్ల కాదనిపించింది, తర్వాత దానంతటదే సడలింది. వేళ్ళు విచ్చుకున్నాయి. అంతవరకూ నా జీవితంలో ఏ యావనూ చివరిదాకా చూసిన పాపాన పోలేదు, మధ్యలోనే తాగేసేవాణ్ణి. అది తాగకపోయినా తగ్గుతుందని నాకు తెలిసే అవకాశమే రాలేదు.

రెండో సెషన్‌కి వెళ్ళు. కళ్ళు మూసుకోవాలని రూలేం లేదు, తెరిచే ఉంచుకో.

సూటిగా (మంగళవారం, ఉదయం 7:03)

ఒక చేదు మాట చెప్పక తప్పదు. ఈ మైండ్‌ఫుల్‌నెస్ ఇప్పుడు పెద్ద వ్యాపారం. నేను వరసగా మూడు యాప్‌లు వాడాను. మెత్తటి గొంతు, వాన చప్పుడు, రోజుకో బ్యాడ్జి. 30 రోజుల బ్యాడ్జి వచ్చిన వారానికి ఒకరోజు ప్రాక్టీసు తప్పింది. లెక్క సున్నాకొచ్చింది. తాగకుండా ఉన్నవాడికి తాగినట్టు అనిపించింది, ఆ చిరాకులో నిజంగానే తాగాను. యాప్ మాత్రం మర్నాడు పొద్దున్నే "మళ్ళీ మొదలుపెడదామా?" అని నవ్వుముఖం పంపింది.

నన్ను నిలబెట్టింది ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు, తాగుడు మానాలనుకునేవాళ్ళు కలిసి ఒకరికొకరు తోడుండేవి. 1935 నుంచి నడుస్తున్నాయి, ఏ బ్యాడ్జీ అక్కర్లేదు. రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ఎత్తే మనిషి ఉంటాడు. ఫోన్‌లో గొంతు, ఫోన్‌లో మనిషి ఒకటి కాదు.

నిదానం (మంగళవారం, ఉదయం 8:20)

సూటిగా గారూ, యాప్ సంగతి మీరన్నది నిజమే. ఆయన చేరింది యాప్ కాదు కదండీ, మనిషి నడిపే గుంపు. ఇక మీటింగులంటారా, నేనూ వెళ్తాను. ఒకటి చేస్తే రెండోది మానాలని ఎవరన్నారు?

సూటిగా (మంగళవారం, ఉదయం 8:31)

సరే, ఒప్పుకున్నాను. యాప్‌ల మీద కోపం మాత్రం అలాగే ఉంది.

పుస్తకాలపురుగు (మంగళవారం, మధ్యాహ్నం 1:48)

నేను మనస్తత్వశాస్త్రం చదువుతున్నాను, మా నాన్నగారి తాగుడే నన్ను ఇటు లాక్కొచ్చింది. ఈ 8 వారాల పద్ధతి ఎక్కణ్ణించి వచ్చిందో చెబుతాను, ఎందుకంటే నలభైఏడోరోజు గారి ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది.

అలన్ మార్లాట్ అని వాషింగ్టన్ యూనివర్సిటీ ప్రొఫెసర్. మానేసినవాళ్ళు మళ్ళీ ఎందుకు మొదలుపెడతారన్నదే ఆయన జీవితమంతా చదివిన విషయం. యావని సముద్రపు అలతో పోల్చి, 'అర్జ్ సర్ఫింగ్' అనే మాట వాడుకలోకి తెచ్చింది ఆయనే. అలకి ఎదురు నిలబడితే పడగొడుతుంది, దాని మీద తేలితే ఒడ్డుకి చేరి విరిగిపోతుంది. నిదానం గారు 18 నిమిషాలు చేసింది అదే. జైల్లో 10 రోజుల విపశ్యన ధ్యానం చేసి విడుదలైనవాళ్ళలో తాగుడు, మత్తుపదార్థాల వాడకం తగ్గిందని ఆయన, సారా బోవెన్ అనే పరిశోధకురాలు కలిసి చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. ఆ దారిలోనే బోవెన్, నేహా చావ్లా, మార్లాట్ కలిసి ఈ కోర్సు తయారుచేశారు.

పనిచేస్తుందా అంటే, 2014లో జామా సైకియాట్రీ పత్రికలో 286 మంది మీద చేసిన పరీక్ష వచ్చింది. మొదటి విడత చికిత్స అయిపోయినవాళ్ళని మూడు గుంపులు చేశారు. మామూలు ఫాలోఅప్ ఒకటి, మళ్ళీ మొదలుపెట్టకుండా మెళకువలు నేర్పేది ఒకటి, ఈ మైండ్‌ఫుల్‌నెస్ ఒకటి. ఆరు నెలలకి నేర్పిన రెండు గుంపులూ మామూలు గుంపు కంటే మెరుగ్గా ఉన్నాయి. ఏడాదికి మైండ్‌ఫుల్‌నెస్ గుంపు కాస్త ముందుంది. అయితే 2021లో కోక్రేన్ (వైద్య పరిశోధనల్ని సమీక్షించే సంస్థ) వాళ్ళు 40 పరీక్షలు కలిపి చూసి, మిగతా చికిత్సల కంటే ఇది మేలని గట్టిగా చెప్పడానికి ఆధారాలు చాలవన్నారు. పైగా 2014 పరీక్ష ఎదురెదురుగా కూర్చుని చేసింది, వీడియోలో కాదు. కాబట్టి సాయం చేయొచ్చు, అద్భుతాలు చేస్తుందని చెప్పలేం.

నాకు బాగా నచ్చింది మాత్రం 2017లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో చేసిన చిన్న పరీక్ష. బాగా తాగే 68 మంది (బానిసలైనవాళ్ళు కాదు, అది గమనించాలి). సగంమందికి 11 నిమిషాలు మైండ్‌ఫుల్‌నెస్ రికార్డింగు, సగంమందికి రిలాక్స్ అయ్యే రికార్డింగు. ఒకళ్ళకి "యావని గమనించండి" అని, ఇంకొకళ్ళకి "యావ తగ్గేలా ఒళ్ళు వదులు చేయండి" అని చెప్పారు. తర్వాత వారంలో తాగడం తగ్గించింది గమనించినవాళ్ళే. అందుకే గ్లాసు కనిపించిందని కంగారుపడకండి. మీకు ఇచ్చిన పనే ఆ గ్లాసుని చూడటం.

పేరెందుకు (మంగళవారం, రాత్రి 11:57)

ఇవన్నీ చదివి నాకూ ధైర్యం వచ్చింది. నేను ఆరేళ్ళుగా రోజూ తాగుతాను. ఈమధ్య పొద్దున్నే కొంచెం పడకపోతే చేతులు వణికి షర్టు బొత్తాలు పెట్టుకోలేకపోతున్నాను. ఆసుపత్రికి వెళ్తే నలుగురికీ తెలుస్తుంది. రేపటినుంచి పూర్తిగా ఆపేసి, ఇంట్లోనే ఈ కోర్సు మొదలుపెడదామనుకుంటున్నాను. వణుకు వచ్చినప్పుడు నిదానం గారిలా చూస్తూ కూర్చుంటే చాలా?

రాత్రిడ్యూటీ (బుధవారం, రాత్రి 12:09)

పేరెందుకు గారూ, దయచేసి రేపు ఒక్కసారిగా ఆపకండి. ముందు డాక్టర్ని కలవండి. నేను డీఅడిక్షన్ వార్డులో నర్సుని, చూసి చెబుతున్నాను.

మీది యావ కాదు, ఆ వణుకు వేరు. మద్యం మెదడుకి బ్రేకులా పనిచేస్తుంది. రోజూ బ్రేకు నొక్కి ఉంచితే, నడవడం కోసం మెదడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కడం అలవాటు చేసుకుంటుంది. ఒక్కసారిగా బ్రేకు తీసేస్తే ఏమవుతుందో ఊహించండి. చివరి పెగ్గు తర్వాత 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి డెలీరియం వస్తుంది. లేనివి కనిపిస్తాయి, మనుషుల్ని గుర్తుపట్టరు, ప్రాణం మీదికి వస్తుంది. ఇది ధ్యానంతో ఆగేది కాదు. ఇంతకుముందెప్పుడైనా ఆపినప్పుడు ఫిట్స్ వచ్చి ఉంటే ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఆసుపత్రిలో దీనికి టాబ్లెట్లు ఉన్నాయి, కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఇస్తారు. బీ1 విటమిన్ ఇస్తారు, అది లేకపోతే మెదడు దెబ్బతినొచ్చు. ఎక్కువమందికి ఒక వారంలో ఆ గండం గడుస్తుంది. కోర్సు ఆ తర్వాత. ఫిట్స్ గానీ, అయోమయం గానీ, జ్వరం గానీ మొదలైతే ఆలోచించకుండా ఎమర్జెన్సీకి వెళ్ళండి. మేం వార్డులో ఎవరి ముఖమూ గుర్తుపెట్టుకోం, ఆ భయం వద్దు.

ఈ రాత్రి ఇంట్లో మీతో ఎవరైనా ఉన్నారా?

పేరెందుకు (బుధవారం, రాత్రి 12:31)

మా అన్నయ్య ఉన్నాడు. నిద్రపోతున్నాడు.

రాత్రిడ్యూటీ (బుధవారం, రాత్రి 12:33)

లేపండి.

ఎదురుచూపు (గురువారం, మధ్యాహ్నం 3:26)

నేను తాగను, తాగే మనిషి భార్యని. ఇక్కడ రాయొచ్చో లేదో. మా ఆయన ఒట్లు తీసి గట్టు మీద పెట్టిన లెక్క నా దగ్గరుంది, చెబితే మీరు నవ్వుతారు. ఈసారి ఇలాంటి ఆన్‌లైన్ కోర్సే చేస్తున్నారు, నాలుగో వారం. గది తలుపు వేసుకుని కూర్చుంటారు. పాత అలవాటుకొద్దీ నేను తలుపు దగ్గర నిలబడి వింటాను. ఇదివరకు సీసా మూత తిరిగే చప్పుడు కోసం వినేదాన్ని. ఇప్పుడు లోపల్నించి ఎవరో ఆడగొంతు "ఇప్పుడు ఎడమకాలి బొటనవేలిని గమనించండి" అంటుంది. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

నా ప్రశ్న ఏంటంటే, రోజూ "ఇవాళ చేశారా?" అని అడగొచ్చా? అడిగితే కసురుకుంటున్నారు. అడక్కపోతే నాకు నిద్ర పట్టదు.

నిదానం (గురువారం, సాయంత్రం 5:10)

అమ్మా, మా ఆవిడా అడిగేది. నాకది హాజరు పిలిచినట్టుండేది, చేయని రోజు కూడా చేశానని అబద్ధం చెప్పేవాణ్ణి. తర్వాత ఇద్దరం ఒక ఒప్పందానికొచ్చాం. ఆవిడ అడగదు, నేనే రాత్రి పడుకునే ముందు ఒక్క మాట చెబుతాను, "ఇవాళ కష్టంగా ఉంది" అనో "ఇవాళ పర్వాలేదు" అనో. మీకు నిద్ర పట్టకపోవడం కూడా చిన్న విషయం కాదు. తాగేవాళ్ళ ఇంట్లోవాళ్ళ కోసం విడిగా గుంపులున్నాయి, అల్-అనాన్ అని. ఆన్‌లైన్‌లో కూడా జరుగుతాయి. తలుపు బయట నిలబడేవాళ్ళే అక్కడ అందరూ.

రాత్రిడ్యూటీ (శుక్రవారం, ఉదయం 6:50)

డ్యూటీ దిగి రాస్తున్నాను, తప్పులుంటే క్షమించండి. ఒక సంగతి ఎవరూ అనలేదు. తాగుడు వెనక పాత దెబ్బలున్నవాళ్ళు చాలామంది ఉంటారు, చిన్నప్పటి హింస, ప్రమాదాలు, చావులు. అలాంటివాళ్ళకి కళ్ళు మూసుకుని ఒళ్ళంతా గమనించమంటే ఒక్కోసారి ఆ పాతదంతా మీద పడుతుంది. ఊపిరాడనట్టు ఉన్నా, తాను అక్కడ లేనట్టు అనిపించినా బలవంతాన కొనసాగించకూడదు. కళ్ళు తెరిచి, పాదాలు నేలకి ఆనించి, గదిలో కనిపించే వస్తువుల పేర్లు చెప్పుకోవాలి. తర్వాత కోర్సు నడిపేవాళ్ళకి చెప్పాలి. ఎదురుగా ఉంటే మన ముఖం చూసి వాళ్ళే పట్టుకుంటారు, ఇంత చిన్న వీడియో గడిలో వాళ్ళకి తెలీదు. ఆన్‌లైన్‌కి ఉన్న పెద్ద లోటు నా దృష్టిలో ఇదే.

అందుకే చేరేముందు అడగండి: నడిపే మనిషికి వ్యసనాల్లో పనిచేసిన అనుభవం ఉందా, సెషన్ మధ్యలో ఎవరికైనా బాగోకపోతే ఏం చేస్తారు? జవాబు తడబడితే వేరేది చూసుకోండి.

సూటిగా (శుక్రవారం, ఉదయం 9:14)

ఇంకోటి కూడా అడగాలి. మన సమాచారం ఎవరికి పోతుంది? 2024లో అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (వినియోగదారుల్ని కాపాడే ప్రభుత్వ సంస్థ), మద్యానికి ఆన్‌లైన్‌లో చికిత్స ఇచ్చే ఒక కంపెనీ మీద చర్య తీసుకుంది, వాడేవాళ్ళ ఆరోగ్య వివరాలు ప్రకటనల కంపెనీలకి పంపినందుకు. తాగుడు మానడానికి సాయం కోసం వెళ్ళినవాడి పేరు ప్రకటనలవాళ్ళ చేతికి! నా కోపం ఊరికే రాలేదు మరి. అసలు పేరు, ఆఫీసు మెయిల్ ఇవ్వకుండా చేరే వీలుంటే అలా చేరండి.

నలభైఏడోరోజు (మూడు వారాల తర్వాత, ఆదివారం, మధ్యాహ్నం 12:05)

అందరికీ జవాబు ఇవ్వలేదు, క్షమించండి. మీ మాట విని రెండో సెషన్‌కి వెళ్ళాను, మూడోదీ బాగానే జరిగింది. యావ నాకు గొంతు కింద, మెడ ఎముకల మధ్య ఉంటుంది. నాణెమంత వేడి. అది తెలిశాక సాయంత్రాలు కాస్త తేలికపడ్డాయి.

తేలికపడ్డాయి కదా అని, ఇంక అక్కర్లేదనుకుని టాబ్లెట్ నాలుగు రోజులు మానేశాను. డాక్టర్ని అడగలేదు. మొన్న సోమవారం ఆఫీసులో ఒక గొడవ. వివరాలెందుకు. ఇంటికొచ్చేటప్పుడే కొనుక్కొచ్చాను.

మొదటి రెండూ గబగబా అయిపోయాయి. అప్పుడు తలలో ఒక మాట వచ్చింది, "ఎలాగూ పోయింది కదా". అంతకుముందు ఎప్పుడు మానేసినా నన్ను ముంచింది ఆ మాటే. ఈ మధ్యే క్లాసులో దాని గురించి చెప్పారు. ఒక్కసారి జారాక "నేనింతే, ఇక అయిపోయింది" అనే నిరాశే, ఆ తాగిన పెగ్గుల కంటే ఎక్కువగా మనిషిని కిందికి లాగుతుందట. గుర్తొచ్చింది. గుర్తొచ్చినా మూడోది తాగాను, అబద్ధం చెప్పను. నాలుగోది పోశాను. పోసి, దాన్ని బల్ల మీదే ఉంచి, నేల మీద కూర్చుని నాకు తెలిసిన ఒక్కటే చేశాను. ఆగడం, ఏం జరుగుతోందో చూడటం, ఊపిరి, ఆ తర్వాత ఒళ్ళంతా. మధ్యలో ఏడ్చాను. ఎంతసేపో తెలీదు, అక్కడే నిద్రపోయాను.

పొద్దున లేచేసరికి గ్లాసు అలాగే ఉంది. ఐసు కరిగి నిండుగా, అంచుదాకా. దాని కింద బల్ల మీద తడి వలయం.

ఇవాళ్టికి మళ్ళీ ఆరో రోజు. పేరు మార్చుకోవాలేమో.

సూటిగా (ఆదివారం, మధ్యాహ్నం 12:40)

మార్చకండి. వెతుక్కోవడానికి మాకు పాత పేరే సులువు.

నాలుగోది తాగకుండా ఉండటం నావల్ల ఎప్పుడూ కాలేదు.

రాత్రిడ్యూటీ (ఆదివారం, మధ్యాహ్నం 1:15)

టాబ్లెట్ మానిన సంగతీ, తాగిన సంగతీ రెండూ డాక్టర్‌కి చెప్పారా? మీ అంతట మీరు మళ్ళీ మొదలుపెట్టకుండా అడిగి వేసుకోండి. తిడతారేమోనని దాచేవాళ్ళే మా దగ్గరికి స్ట్రెచర్ మీద వస్తారు. చాలామంది డాక్టర్లు తిట్టరు, వాళ్ళకిది రోజూ ఉండేదే.

నలభైఏడోరోజు (ఆదివారం, మధ్యాహ్నం 1:22)

మర్నాడే ఫోన్ చేశాను. తిట్టలేదు. "ఫోన్ చేశారుగా" అన్నారంతే.

పేరెందుకు (ఆదివారం, రాత్రి 8:47)

నేను గుర్తున్నానా? ఆ రాత్రి అన్నయ్యని లేపాను. తను లేచి కూర్చుని, ఏమీ మాట్లాడకుండా చొక్కా వేసుకున్నాడు. తనకి ముందే తెలుసట. 6 రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. రెండో రోజు రాత్రి గోడ మీద చీమలు పాకాయి. చీమలు లేవని తర్వాత చెప్పారు. ఇంట్లో ఒక్కణ్ణే ఉండుంటే అన్న ఆలోచన వస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. రాత్రిడ్యూటీ గారూ, మీకు ఏమని చెప్పాలో తెలియడం లేదు.

బొత్తాలు పెట్టుకోగలుగుతున్నాను. కోర్సులో వచ్చే బుధవారం చేరుతున్నాను. ఒక్కణ్ణే రికార్డింగు పెట్టుకుంటే రెండు నిమిషాలకి లేచిపోతున్నాను, అదే భయం.

ఎదురుచూపు (ఆదివారం, రాత్రి 9:02)

మీ అన్నయ్యని కూడా ఒకసారి ఇటు రమ్మనండి బాబూ.

నలభైఏడోరోజు (ఆదివారం, రాత్రి 9:30)

పేరెందుకు గారూ, నాకు 6:30కి ఆఫీసు అయిపోతుంది. ల్యాప్‌టాప్ మూశాక చేద్దామంటే అప్పటికే ఆలస్యం, ఆ చప్పుడే నాకు గండం. అందుకే 6:25కి, మూయకముందే కూర్చుంటున్నాను. పది నిమిషాల రికార్డింగు. వీడియో కాల్ పెడతాను, మీరూ వస్తారా? మాట్లాడక్కర్లేదు.

పేరెందుకు (ఆదివారం, రాత్రి 9:34)

వస్తాను. కెమెరా ఆపి ఉంచుకోవచ్చా?

నలభైఏడోరోజు (ఆదివారం, రాత్రి 9:35)

ఉంచుకోండి. నేనూ మొదటిరోజు ఆపేసినవాణ్ణే.